పరుగుకు ముందు నాడి చూడండి



కానిస్టేబుల్ ఎంపికలో 1600 మీటర్ల పరుగు కోసం తెల్లవారకముందే గ్రౌండుకు వెళ్ళే పిల్లలు మన సంఘ కుటుంబాలలో చాలామంది ఉన్నారు. అలాంటి కుర్రవాడొకడు పరుగు మధ్యలో కళ్ళు తిరిగి పడిపోతే మన క్యాజువాలిటీకి తెచ్చారు. రెండు రోజులుగా జ్వరం, రాత్రి నిద్ర లేదు. "ఒక్కరోజు మానితే వెనుకబడిపోతావన్నారు సిస్టర్" అన్నాడు. దేవుని దయవలన కోలుకున్నాడు. కాని అతనికి చెప్పిన ఆ మాట తప్పని నా అభిప్రాయం.

మన ప్రమేయం లేకుండా గుండె వేగాన్ని సరిచేసేది స్వయంచోదిత నాడీ వ్యవస్థ. దానిలో ఒక భాగం పరుగు, భయం, జ్వరం వంటి వేళల్లో గుండెను వేగిరపరుస్తుంది. రెండవ భాగం వేగస్ నాడి ద్వారా నెమ్మదింపజేస్తుంది. ఆరోగ్యవంతుని గుండె గడియారంలా కొట్టుకోదు. ఊపిరి పీల్చేటప్పుడు కొంచెం వేగం, విడిచేటప్పుడు కొంచెం నెమ్మది. అలసట, నిద్రలేమి, జ్వరం ఉన్నప్పుడు ఈ హెచ్చుతగ్గు సాధారణంగా తగ్గిపోతుంది.

ఫిన్లాండు పరిశోధకులు 26 మంది పురుషులతో 4 వారాలు చేసిన ప్రయోగాన్ని 2007లో ప్రచురించారు. ఒక గుంపు ముందుగా వేసిన పట్టిక ప్రకారం పరుగెత్తింది. మరొక గుంపుకు రోజూ ఉదయం ఈ హెచ్చుతగ్గును కొలిచి, అది తగ్గితే తేలిక సాధన గాని విశ్రాంతి గాని, బాగుంటే గట్టి సాధన ఇచ్చారు. ఈ గుంపువారి గరిష్ఠ పరుగు వేగమే ఎక్కువగా పెరిగింది. ఇది చిన్న ప్రయోగం. తరువాతి పరిశోధనలన్నిటిలోనూ ఇంత తేడా రాలేదు. అయినా శరీరం చెప్పినట్టు విశ్రాంతి తీసుకున్నవారు వెనుకబడిపోలేదన్నది గమనించాలి.

ఆ కొలతకు పరికరం కావాలి. అది లేనివారికి మూడు వేళ్ళు, ఒక గడియారం చాలు. కొలత అంత సూక్ష్మం కాదు గాని ఉపయోగమే. ఉదయం మంచం దిగకముందే మణికట్టు దగ్గర నాడిని నిండు నిమిషం లెక్కించి నోటుబుక్కులో రాయండి. రెండు వారాల్లో మీ మామూలు సంఖ్య తెలుస్తుంది. దానికంటే 5 నుంచి 10 ఎక్కువగా ఉండి, నిద్ర చాలక, ఒళ్ళు బరువుగా ఉంటే ఆ రోజు నడకతో సరిపెట్టండి. జ్వరం ఉంటే నాడి ఎంతున్నా పరుగు వద్దు. పరుగులో స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా ముందు డాక్టరుగారిని కలిసి ఇ.సి.జి. తీయించండి.

కోచ్‌లకు నా మనవి: "ఎన్ని రౌండ్లు కొట్టావు?" అనడానికి ముందు "రాత్రి నిద్రపోయావా, ఉదయం నాడి ఎంత?" అని అడగండి. తల్లిదండ్రులారా, విశ్రాంతి తీసుకునే బిడ్డను సోమరి అనకండి.

బదరీవృక్షము క్రింద సొమ్మసిల్లిన ఏలీయాను దేవదూత గద్దించలేదు. నిద్రపోనిచ్చి, ఆహారమిచ్చి, ఆ తరువాతే దూర ప్రయాణానికి లేపాడు. మన పిల్లలనూ అలాగే పరుగుకు సిద్ధపరచుదాం.