ఒక యింట రెండు శనివారములు

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ పరిసరములందు కాపురముండు మన దంపతుల యిండ్లలో గురువారము సాయంకాలము నుండియే యొక వాదము మొదలగుచుండును. “ఈ వీకెండు ఎక్కడికైనా వెళ్దామండీ” అని యామె యనును. “ఈ ఒక్కసారికి ఇంట్లోనే ఉందాంలే” అని యాయన యనును. పైనుండి చూచువారికిది దాంపత్యసరసముగా దోచును గాని, ఆ రెండు మాటల వెనుక రెండు భిన్నములైన వారములు గలవు. హెచ్-1బి వీసాపై ఉద్యోగము చేయు భర్త, అయిదు దినములు న్యూయార్కు రైలులో వ్రేలాడియు, రాత్రివేళ హైదరాబాదు ఆఫీసువారితో ఫోనులో మాటాడియు అలసినవాడై, తన సోఫాపై నడుము వాల్చుటకంటె మిన్నయగు విహారము లేదని తలంచును. హెచ్-4 వీసాపై వెళ్లిన భార్యయో, ఇంజనీరింగు పట్టా పెట్టెలో నుండగా, పనిచేయుటకు అనుమతి లేక, కారు లేనిదే పాలడబ్బాయైనను తెచ్చుకొనరాని వీధిలో, ఆ సోఫానే యయిదు దినములు చూచుచు గడపియుండును. ఒకరికి విశ్రాంతిస్థానమైన గృహమే మరియొకరికి విముక్తి కోరదగిన స్థలమైనప్పుడు, ఇద్దరిలో నెవరిది తప్పని తీర్పు చెప్పగలము? (భార్య ఉద్యోగినియై భర్త యింటనుండు సంసారములును గలవు, అచ్చట వాదము మారదు, వాదించువారు మాత్రమే తారుమారగుదురు.)

2015 లో అచ్చటి ప్రభుత్వము హెచ్-4 వారిలో కొందరికి, అనగా జీవితభాగస్వామి గ్రీన్‌కార్డు ప్రయత్నము కొంత దూరము సాగినవారికి, ఉద్యోగము చేసికొను అనుమతి నిచ్చినది. ఆ కాగితము చేతికందిన యిండ్లలో వాదము చల్లారినమాట నిజమే. ఇప్పుడు ఇద్దరును ఇంటనే యుందమనుచున్నారు!

స్వదేశముననున్న మనము వారి ఫొటోలను జూచి, “వీళ్లకు తిరగడమే పని” అని తేలికగా ననుచుందుము. ఆ మాటతో నేనేకీభవింపను. బస్సు లేక, పక్కింటివారి పలకరింపు లేక, తలుపు తీసిన యెడల మంచు తప్ప మనుష్యుడు కానరాని చోట, వారమునకొకసారి బయటికి వెళ్లుట విలాసము గాదు, ఆహారమువంటి యవసరము. నా ఫిర్యాదు ఆ ప్రయాణము జరుగు తీరును గూర్చినది.

ఉదాహరణమునకు లాంగ్ వీకెండును గొనుడు. అమెరికా కాంగ్రెసు 1968 లో నొక చట్టము చేసి, 1971 నుండి కొన్ని జాతీయ సెలవులను వాని తేదీలనుండి పెరికి సోమవారములకు నాటినది. మే 30 న జరుగుచుండిన మృతవీరుల స్మారకదినము మే నెల చివరి సోమవారమైనది. (మాజీ సైనికుల దినమును మాత్రము జనులు సోమవారమున సహింపలేకపోయిరి, 1978 నుండి అది తిరిగి నవంబరు 11 నకే చేరినది.) ఈ మూడు దినముల సెలవు రాగానే మనవారికి దోచునది నయాగరా. ఎడిసన్‌నుండి అది సుమారు 400 మైళ్లు. శుక్రవారము రాత్రి బయలుదేరుటకై, వంటింటినుండి తప్పించుకొన గోరిన యామెయే ఆ మధ్యాహ్నమంతయు నాలుగు కుటుంబములకు పులిహోర కలిపి, చపాతీలు కాల్చి, పచ్చడి సీసాలు సర్దును. విశ్రాంతి గోరిన యాయనయే తెల్లవారుదనుక స్టీరింగు పట్టును. దారిలో కార్నింగు గాజు మ్యూజియము, ఒక ఔట్‌లెట్ మాల్. అటుపిమ్మట జలపాతము, నీలిరంగు రెయిన్‌కోటు, పడవ, ఫొటో. సోమవారము ట్రాఫిక్కులో మరల నాలుగు వందల మైళ్లు. ఇద్దరికిని కావలసినది యెవ్వరికిని దొరకలేదు.

ఆ జలపాతము చరిత్ర వేరు పాఠము చెప్పుచున్నది. పందొమ్మిదవ శతాబ్దమున దాని తీరభూములు ప్రైవేటు యజమానుల పాలై, రుసుము చెల్లించిననే గాని దర్శనము కాని దుస్థితి యేర్పడగా, ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ మున్నగువారు యేండ్ల తరబడి పోరాడిన ఫలముగా, 1885 లో న్యూయార్కు రాష్ట్రము ఆ భూమిని కొని ప్రజలకు ఉచితముగా దెరచినది. తరువాత ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ అను నిరువురు 1887 లో రచించిన ప్రణాళికలో, జలపాతమును రెండుగా చీల్చు గోట్ ఐలండునందు చెట్లనడుమ నడచు దారులకు ప్రాధాన్యమిచ్చిరి. మనవారు కటకటాల వద్ద సెల్ఫీ దీసికొని పడవ వరుసకు పరుగిడుదురే కాని, ఆ నీడలో నొక గంట నడచువారెందరు? ఆమెకు ఆరుబయలు, ఆయనకు స్టీరింగు లేని విశ్రాంతి, రెండును అచ్చటనే కలవు. అంతకంటె సులభముగా, ఇంటికి పదిమైళ్లలోనున్న కౌంటీ పార్కునందును కలవు. భోజనము దారిలో కొనుడు. ఖర్చెక్కువని భర్త గొణిగినచో గొణుగనిండు.

తొందరకు మూలము వారి స్వభావముననే లేదు. 1938 నాటి అమెరికా శ్రామిక చట్టము జీతముతోడి వార్షిక సెలవును విధింపలేదు. అది యజమాని దయ. జర్మనీలో 1963 నాటి చట్టము వారమునకారు దినములు పనిచేయువానికి కనీసము 24 పనిదినముల సెలవు నిచ్చుచున్నది. మన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో ద్విభాషియై యుండియు, సెలవు గైకొని, 1830 మే 18 న పల్లకీతో పరివారముతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3 న గాని తిరిగిరాలేదు. సోమవారము ఉదయము తొమ్మిదింటి సమావేశము ఆయనకు లేకపోవుటచేతనే కదా, దారిపొడుగునను ఊళ్లను, ధరలను, ఆచారములను తీరికగా వ్రాసికొనగలిగెను!

అట్టి సెలవుల కొరతలో మనవారు కూడబెట్టిన దినములు తుదకు మన చేతులలో బడుచున్నవి. మూడు వారములకై స్వదేశమునకు వచ్చిన దంపతులను అత్తవారింట నెన్ని దినములు, పుట్టినింట నెన్ని యని లెక్కించుచు, ఒక పెండ్లి, ఒక గృహప్రవేశము, కాన్సులేటులో వీసా స్టాంపింగు, పండ్ల డాక్టరు, పెదనాన్నగారింట భోజనము అని పట్టిక వేయువారము మనమే. వారిద్దరిని మాత్రమే రెండు దినములు అరకుకో నాగార్జునసాగరుకో పంపుదమని యే తల్లిదండ్రులైనను తలపెట్టినట్లు నేను వినలేదు. తిరుమల దర్శనమునకు మాత్రము టికెట్లు ముందే తీయబడియుండును, ఇరువైపుల పెద్దలతో కలిపి.