దీపం ఎక్కడ పెట్టాలి?

గుంటూరు జిల్లా తాడేపల్లి పక్కనే ఉండవల్లి గుహలున్నాయి. అవి వాటంతట అవి ఏర్పడినవి కావు. వెయ్యేళ్ళకు మునుపే శిల్పులు కొండను ముందువైపు నుంచి తొలుచుకుంటూ పోయి, అంతస్తు మీద అంతస్తుగా పెద్ద మేడ చేశారు. పై అంతస్తులో అనంతపద్మనాభస్వామి పవళించి ఉంటాడు. విగ్రహం పొడవు 5 మీటర్లకు మించి ఉంటుంది.

అల్లరిగా మెట్లెక్కిన పిల్లలు కూడా అక్కడికి పోయేసరికి, ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గిస్తారు. ఎందువల్ల? భక్తి కొంత. మిగతా పని వెలుతురు చేస్తుంది. కొండకు వెనక కిటికీలుండవు గదా! వెలుగు ముందునుంచే రావాలి. లోపలికి పోయినకొద్దీ అది సన్నగిల్లుతుంది. ఎండలోనుంచి వచ్చిన కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది. అందాకా అడుగు తడుముకుంటూ వేస్తాము, చెవులు రిక్కిస్తాము. అటువంటప్పుడు ఎవరు కేకలు వేస్తారు?

వెలుగు ఎటునుంచి పడుతుందన్నది ఇంకా ముఖ్యం. రాతిబొమ్మ మీద ఎదురుగా టార్చి వేయండి, నీడలన్నీ వెనక్కు పోయి బొమ్మ చదునుగా కనబడుతుంది. పక్కనుంచి వేయండి, ముక్కూ వేళ్ళూ లేచివస్తాయి. అరిగిపోయిన శాసనాలు చదివేవారు దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పట్టేది ఇందుకే. గడ్డం కింద టార్చి పెట్టుకుని తమ్ముణ్ణి జడిపించినవాళ్ళకు ఈ విద్య కొంత తెలుసు! సూర్యుడు పైనుంచి వెలుగిస్తాడు గనుక, కిందినుంచి వెలుగు పడ్డ మొహం మనకు అలవాటు లేదు. అమ్మ మొహమైనా సరే, దయ్యంలాగే ఉంటుంది.

గుహ సంగతే మన ఇంటి గదికీ వర్తిస్తుంది. అయితే ఇంట్లో దీపానికి రంగు కూడా ఉన్నది. కమ్మరి కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, ఇంకా కాగితే పసుపై, ఆపైన తెల్లబడుతుంది. ఆ లెక్కనే బల్బు పెట్టె మీద 2700 కె, 6500 కె అని వేస్తారు. కె అంటే కెల్విన్. 2700 పసుపుపచ్చ వెలుగు, నూనెదీపానికి చుట్టం. 6500 పట్టపగటి తెలుపు, కాస్త నీలి కలిసినది. బల్బు నిజంగా అంత కాగదు లెండి, రంగు పోలికే. తమాషా ఏమంటే, పెద్ద అంకె ఉన్నదాన్నే దుకాణంలో "కూల్" అంటారు!

మన కంటి వెనక పొరలో కొన్ని కణాలు తమంత తామే వెలుగును పసిగట్టి, శరీరంలోని గడియారానికి కబురు పెడతాయని 2002లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ బెర్సన్, ఆయన తోడివారూ చూపారు. వాటిని ఎక్కువగా కదిలించేది నీలి వెలుగు. రాత్రి పొద్దుపోయాక కూడా తెల్లదీపం కిందే కూర్చుంటే, "ఇంకా పగలే" అని అవి చెబుతాయి. నిద్రకు సాయపడే మెలటోనిన్ ఆలస్యమవుతుంది. పరీక్ష ముందు రాత్రి పక్కమీద దొర్లటానికి ఇదీ ఒక కారణం. అలాగని మసక దీపం కింద పుస్తకం పట్టుకోకండి. చదివేటప్పుడు పేజీ మీద వెలుగు బాగా పడాలి. ఆ తరవాతనే దీపం మార్చాలి.

ఈ రాత్రి భోజనాలయ్యాక, పెద్దవాళ్ళ నడిగి పైనున్న తెల్లదీపం ఆర్పించండి. పసుపుపచ్చ దీపమొకటి మూలన పీట మీద, గోడవైపు తిప్పి పెట్టించండి. ముందుగా ఎవరు గొంతు తగ్గిస్తారో, ఎవరు కథ చెప్పమని అడుగుతారో చూడండి.