జెండా లెక్క అడ్డగుణకారంతో తేలదు



నిష్పత్తి లెక్కల మీద మీరు గతవారం వేసిన వ్యాసం బాగుంది. పిల్లలు వాటికి భయపడనక్కర్లేదన్న మాట నిజం. అయితే జెండా 3:2 అని తెలిస్తే మిగతాదంతా అడ్డగుణకారమేనని తేల్చేయడంతోనే నాకు పేచీ.

బట్ట వరకు ఆ మాట చెల్లుతుంది. పొడవు 900 మిల్లీమీటర్లయితే ఎత్తు 600, ఒక్కో రంగు పట్టీ ఎత్తు 200. కానీ ఆ పట్టీ నిష్పత్తి 3:2 కాదు, 9:2. పిల్లలు తడబడేది ఇక్కడే.

అసలు చిక్కు అశోకచక్రంతో. 2002 నాటి జెండా నియమావళి పట్టికలో 900×600 జెండాకు చక్రం వ్యాసం 185. 1800×1200కు సరిగ్గా రెట్టింపు, 370. ఈ లెక్కన 225×150కు సుమారు 46, 150×100కు సుమారు 31 రావాలి. పట్టికలో ఉన్నవి 40, 25! చిన్న జెండాల్లో చక్రం అనుపాతాన్ని తప్పింది. సూత్రాన్నే నమ్ముకున్న విద్యార్థి ఇక్కడ బోల్తా పడతాడు. ప్రతి వరుసా భాగించి చూసినవాడు పట్టేస్తాడు.

నేపాల్ జెండా మరీ విశేషం. అది దీర్ఘచతురస్రమే కాదు. దాన్ని ఏ గీత తర్వాత ఏ గీత గీయాలో ఆ దేశ రాజ్యాంగమే వరుసగా చెబుతుంది. జ్యామితి తరగతికి అంతకన్నా మంచి అభ్యాసం ఏముంటుంది?

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. ఈ ఆగస్టు 15కు పిల్లలతో జెండాకు రంగులు వేయించే ముందు ఆ పట్టికను వాళ్ల చేతికివ్వండి. ఏ సూత్రం ఎక్కడిదాకా పనిచేస్తుందో వాళ్లనే తేల్చనివ్వండి.

– ఒక గణితోపాధ్యాయురాలు, ఒంగోలు