పరదేశి ముఖంలో ప్రభుత్వాన్ని చూడవద్దు

2017 ఫిబ్రవరి 22 రాత్రి అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, ఒలేతా పట్టణంలో తెలుగు ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక వ్యక్తి కాల్చి చంపాడు. మా దేశం విడిచి పొమ్మని అరుస్తూ కాల్చాడు. పారిపోయి మరో ఊరు చేరాక, ఇద్దరు ఇరాన్ వాళ్లను కాల్చానని చెప్పుకున్నాడు. ఇది విని మనం మొదట అనుకునే మాట, అయ్యో, శ్రీనివాస్ ఇరాన్ వాడు కాదే అని. ప్రియ పాఠకులారా, ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఒకవేళ ఆయన ఇరాన్ వాడే అయి ఉంటే? ఇరాన్ ప్రభుత్వం చేసిన పనులకు అక్కడ కూర్చుని భోంచేస్తున్న మనిషి ప్రాణంతో లెక్క చెప్పాలా?

ఆ రాత్రి ఇయాన్ గ్రిల్లట్ అనే 24 ఏళ్ల అమెరికన్ యువకుడు హంతకుడికి అడ్డుపడి తానూ తూటా గాయాల పాలయ్యాడు. మీదే దేశం, మీ ప్రభుత్వం ఎలాంటిది అని అతను ముందుగా విచారించలేదు. అమెరికాలో బిడ్డలున్న గుడివాడ, బందరు తల్లిదండ్రులు అలాంటి పొరుగువాడు తమ పిల్లలకు దొరకాలనే ప్రార్థిస్తారు. మరి మన మధ్యకు వచ్చిన పరదేశికి మనం అలాంటి పొరుగువారమేనా?

హైదరాబాదు బాలాపూర్ పరిసరాల్లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు వేలమంది గుడిసెల్లో, ఇరుకు గదుల్లో బ్రతుకుతున్నారు. 1982 నాటి పౌరసత్వ చట్టంతో వారిలో అత్యధికులు స్వదేశంలోనే ఏ దేశానికీ చెందనివారయ్యారు. 2017 ఆగస్టులో ఒక సాయుధ ముఠా పోలీసు ఠాణాలపై దాడి చేసింది. దానికి ప్రతిగా సైన్యం ఊళ్లకు ఊళ్లనే తగులబెట్టగా, ఏడు లక్షలకు పైగా ప్రజలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 1951 శరణార్థుల ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు కనుక మన దేశంలో ఉన్నవారికీ చట్టపరమైన భద్రత స్వల్పమే.

మన కూడికల్లో మయన్మార్ కోసం ప్రార్థన జరగదని కాదు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక చిన్ రాష్ట్రంలో దేవాలయాలు కాలిపోయాయి. అదే సంవత్సరం థంట్‌లాంగ్ పట్టణంలో మంటలార్పబోయిన బాప్టిస్టు పాస్టరును సైనికులు కాల్చి చంపారు. పారిపోయి వచ్చిన చిన్ ప్రజలను మిజోరం సంఘాలు ఇళ్లలో చేర్చుకొని అన్నం పెట్టాయి. వారి కోసం మనం కన్నీటితో ప్రార్థిస్తాం. అదే సైన్యం తరిమిన రోహింగ్యాల పేరు వచ్చేసరికి మన నోరు ఎందుకు మూతపడుతుంది? వారు ముస్లిములు కాబట్టి అన్నదే నిజమైన జవాబైతే, దానిని ఒప్పుకొని పశ్చాత్తాపపడవలసింది మనమే.

ఈ విషయంలో తెలుగువారికి మరొక బాకీ ఉంది. 17వ శతాబ్దంలో బందరు నుంచి పెగూకు, అరకానుకు ఓడలు నడిచేవి. నేడు రఖైన్ అని పిలువబడే ఆ అరకానే రోహింగ్యాల స్వస్థలం. తర్వాత బ్రిటిష్ పాలనలో మన కోస్తా జిల్లాల కూలీలు వేలాదిగా రంగూను వెళ్లారు. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే యజమానులు బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. సమ్మె ముగియగానే వారిని తీసేసి మనవారిని పిలిచారు. దానితో రేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది భారతీయులు. బర్మాను ఏలింది మూటలు మోసే తెలుగు కూలీ కాదు. అయినా పొట్ట కొట్టినవారి మీది కోపం చేతికి దొరికిన కూలీ మీద పడింది. 1960లలో నే విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసినప్పుడు మరలా మనవారు కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ రాకకు గుర్తు.

పరిశుద్ధ గ్రంథంలో మోయాబు రాజు బాలాకు ఇశ్రాయేలును శపించడానికి బిలామును పిలిపించాడు. ఆ దేశాన్ని గూర్చి ధర్మశాస్త్రం కఠినంగా మాట్లాడింది. అయినా మోయాబు స్త్రీ రూతు బెత్లెహేముకు వచ్చినప్పుడు బోయజు ఆమెకు పరిగె ఏరుకొననిచ్చాడు, అన్నం పెట్టాడు. అంతమాత్రాన బాలాకు చేసింది మంచిదని ఆయన అనలేదు. అంతకుముందు కరవుకాలంలో నయోమి కుటుంబాన్ని బ్రతికించింది మోయాబు నేలే. ప్రజలు వేరు, సింహాసనం వేరు అన్న వివేకం ఆ పొలంలోనే మనకు కనబడుతుంది.

ఇది రెండు వైపులా పదునున్న మాట. రోహింగ్యా తల్లికి బియ్యమివ్వడం ఆ సాయుధ ముఠాను సమర్థించడం కాదు. యూదులను ప్రేమించడానికి ఇశ్రాయేలు ప్రభుత్వం చేసే ప్రతి పనికీ ఆమేన్ చెప్పనక్కరలేదు. గాజా బిడ్డల కోసం ఏడ్చినవారు హమాసు పక్షం కారు. అయితే ప్రజల పక్షాన ఉన్నామంటూ ప్రభుత్వాల దోషాన్ని దాచిపెట్టడం కూడా తప్పే. మయన్మార్ సైన్యం చేసినదాన్ని దాని పేరుతోనే చెప్పాలి.

సంఘాలు చేయగలిగినవి ఉన్నాయి. ప్రార్థన విన్నపాల్లో దేశం పేరు చెప్పి ఊరుకోక, ఎవరు బాధపడుతున్నారో, ఎవరు బాధిస్తున్నారో విడివిడిగా చెప్పండి. ఆరాధన వేదిక మీద ఏ పరదేశపు జెండానూ నిలపకండి. సహాయం చేసేముందు ఏమి కావాలో వారినే అడగండి. తీసుకున్నవారితో ఫొటోలు దిగకండి, మతం మారమని షరతు పెట్టకండి.

1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ శవాల దిబ్బ అయినప్పుడు ఢిల్లీలో జనతా ప్రభుత్వం, హైదరాబాదులో కాంగ్రెసు ప్రభుత్వం ఉన్నాయి. దేశ విదేశాల నుంచి బట్టలు, మందులు, బియ్యం పంపినవారు మీరు ఎవరికి ఓటేశారని నాగాయలంకలో ఎవరినీ అడగలేదు. ఆ అన్నం తిని బ్రతికిన సీమ మనది. ఇప్పుడు మన తలుపు తట్టేవారిని ఆ ప్రశ్న అడిగే హక్కు మనకెక్కడిది?