గల్ఫ్ దారిలో బడిపంతులూ నడవాలి

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి దుబాయ్, షార్జా, అబుధాబీలకు మన మనుషులు వెళ్లడం దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. తాపీ మేస్త్రీ వెళ్లాడు, డ్రైవరు వెళ్లాడు, నర్సు వెళ్లింది, ఇంజినీరు వెళ్లాడు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఉన్న భారతీయులు 35 లక్షలకు పైమాటే. అందులో తెలుగువారి వాటా చిన్నది కాదు. వారి పిల్లల కోసం నడిచే సీబీఎస్‌ఈ బడులే అక్కడ వందకు పైగా ఉన్నాయి. ఇంత రద్దీ ఉన్న దారిలో మన ప్రభుత్వ బడి ఉపాధ్యాయుడి అడుగు మాత్రం పడలేదు. ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్లడం గురించి కాదు ఈ మాట. ఒక బడి నుంచి మరో బడికి వెళ్లి, అక్కడ కొన్నాళ్లు పాఠం చెప్పి, కొంత నేర్చుకుని తిరిగొచ్చే రాకపోకల గురించి. నేలను, నీటిని, అడవిని రాబోయే తరాలకు మిగిల్చి బతకడం నేర్పేదే సుస్థిరాభివృద్ధి విద్య. ఆ విద్య మన తరగతి గదుల్లో వేళ్లూనుకోవాలంటే ఈ రాకపోకలు కావాలి. వాటిని మొదలుపెట్టడానికి తెలుగు రాష్ట్రాలకు ఎమిరేట్స్ కన్నా అనువైన చోటు కనిపించదు.

పర్యావరణ పాఠం మనకు కొత్తేమీ కాదు. న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే దాన్ని చదువులో భాగం చేయమంది, 2003లో మరోసారి గట్టిగా చెప్పింది. పాఠ్యపుస్తకాల్లో అధ్యాయాలు చేరాయి, ప్రాజెక్టు పనులు చేరాయి, పరీక్షల్లో మార్కులూ చేరాయి. అయినా ఓజోన్ పొర గురించి నాలుగు వాక్యాలు తప్పు లేకుండా రాసే విద్యార్థికి, తన ఊరి చెరువు ఎందుకు ఎండిందో చెప్పడం రాదు. ఈ లోటు మన ఒక్కరిదే కాదు. యునెస్కో, ఉపాధ్యాయ సంఘాల ప్రపంచ సమాఖ్య ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్ కలిసి 2021లో సుమారు 58 వేల మంది ఉపాధ్యాయుల అభిప్రాయం తీసుకున్నాయి. వాతావరణ మార్పు తీవ్రతను బోధించడం ముఖ్యమన్నవారు 95 శాతం. ధీమాగా బోధించగలమన్నవారు 40 శాతం కూడా లేరు. తమ ప్రాంతం మీద దాని ప్రభావాన్ని చక్కగా వివరించగలమన్నవారు మూడింట ఒక వంతే. అంటే ఉపాధ్యాయులకు శ్రద్ధ ఉంది, సమాచారమూ అందుబాటులో ఉంది, కానీ దాన్ని కళ్లెదుట ఉన్న నేలతో ముడిపెట్టడం దగ్గర చేయి ఆగిపోతోంది. రోజూ చూసే చెరువు మీద మనకు ప్రశ్నలు పుట్టవు. దాన్ని మొదటిసారి చూసిన మరో ఉపాధ్యాయుడు ‘తూము ఎవరు తెరుస్తారు, ఏ పొలానికి ఎంత నీరన్నది ఎవరు తేలుస్తారు’ అని అడిగినప్పుడు అది పాఠంగా మారుతుంది. ఆ ప్రశ్న పుట్టాలంటే మనిషి మనిషి దగ్గరికి రావాలి.

ఎమిరేట్స్‌నే ఎందుకు ఎంచుకోవాలన్న ప్రశ్నకు మొదటి జవాబు ఆ దేశం ఇప్పటికే ఇచ్చిన మాటలో ఉంది. 2023లో దుబాయ్ ఎక్స్‌పో సిటీలో జరిగిన కాప్ 28 వాతావరణ సదస్సులో అక్కడి విద్యాశాఖ చదువు కోసం ప్రత్యేక ప్రాంగణాన్నే ఏర్పాటు చేసింది. యునెస్కో 2022లో మొదలుపెట్టిన హరిత విద్యా భాగస్వామ్యం ఉపాధ్యాయుల శిక్షణను నాలుగు మూలస్తంభాల్లో ఒకటిగా పెట్టుకుంది, ఎమిరేట్స్ దాన్ని భుజాన వేసుకుంది. అంతకన్నా మనకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. అబుధాబీ పర్యావరణ సంస్థ 2009లో ‘సుస్థిర పాఠశాలలు’ కార్యక్రమం ప్రారంభించింది. విద్యార్థులే తమ బడిలో నీటి వాడకాన్ని, కరెంటును, చెత్తను లెక్కగట్టే ఆ పద్ధతి రూపకల్పనలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పాలుపంచుకుంది. మన దేశపు బడుల్లో పుట్టిన ఆలోచన సముద్రం దాటి అక్కడి బడుల్లో నాటుకుంది. 2023 నవంబరులో రెండు దేశాల విద్యాశాఖలు అధ్యాపకుల, విద్యార్థుల రాకపోకలకు వీలు కల్పించే అవగాహన ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 2024లో ఐఐటీ ఢిల్లీ అబుధాబీ ప్రాంగణంలో బీటెక్ తరగతులు మొదలయ్యాయి. సంస్థలు వెళ్లాయి, కాగితాలూ సిద్ధంగా ఉన్నాయి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పాఠం చెప్పే మనిషికి దారి తెరవడమే మిగిలింది.

రెండో జవాబు నేలలో ఉంది. ఎడారికి, గోదావరి డెల్టాకు పోలికేమిటని అనిపించవచ్చు. అబుధాబీ తీరంలో సహజంగా పెరిగే మడచెట్టు అవిసీనియా మారినా. కాకినాడ దగ్గరి కోరింగ అడవిలో తెల్లమడ పేరుతో కనిపించేదీ అదే. అక్కడ అది నది అన్నది లేని తీరంలో, విపరీతమైన ఉప్పదనాన్ని ఓర్చుకుని నిలబడింది. ఇక్కడ నదీజలమూ సముద్రజలమూ కలిసే బురదలో పెరుగుతోంది. 2030 నాటికి 10 కోట్ల మడమొక్కలు నాటుతామని ఎమిరేట్స్ ప్రకటించింది, డ్రోన్లతో విత్తనాలు చల్లించే ప్రయోగాలు చేస్తోంది. మన దగ్గర ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఆటుపోట్ల నీటిని లోపలికి పారించి, దెబ్బతిన్న మడ అడవులకు మళ్లీ ప్రాణం పోశాయి. ఆ పనిలో తీరగ్రామాల మత్స్యకారులు భాగస్వాములు. తీరాన్ని పూడ్చి కట్టే కట్టడాలు అక్కడి సమస్య అయితే, రొయ్యల చెరువులు ఇక్కడి సమస్య. తాళ్లరేవు మండలంలోని సైన్సు ఉపాధ్యాయురాలు అబుధాబీలోని జుబైల్ మడవనంలో పిల్లలతో నడిచి, అక్కడి ఉపాధ్యాయుడు కోరింగలో మత్స్యకారులతో మాట్లాడితే, ఒకే చెట్టు మీద రెండు దేశాల పిల్లలు ఏడాది పొడవునా కలిసి చదివే పాఠం తయారవుతుంది. 1977 దివిసీమ ఉప్పెన జ్ఞాపకం ఉన్న తీరానికి, అలల ఉధృతిని తగ్గించే ఈ చెట్టు విలువ వేరే చెప్పాలా?

నీటి విషయంలో ఈ జోడీ ఇంకా బలమైనది. అల్ ఐన్ ఒయాసిస్సుల్లో భూగర్భ జలాన్ని కాలువల ద్వారా తోటలకు పారించే ఫలజ్ వ్యవస్థ శతాబ్దాల నాటిది, 2011లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన స్థలాల్లో భాగం. అక్కడ ఎవరి తోటకు ఎంతసేపు నీరన్నది వంతుల లెక్క. తెలంగాణలో కాకతీయుల గొలుసుకట్టు చెరువుల కింద నీరటికాడు చేసిన పనీ ఇదే. కొరతలో పంపకం ఎలా చేసుకోవాలో రెండు సమాజాలూ తమంతట తాము కనిపెట్టుకున్నాయి. నీరు అతిగా వచ్చినప్పుడు మాత్రం రెండూ తడబడ్డాయి. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ ప్రాంతంలోని ఖతమ్ అల్ షక్లాలో ఒక్క రోజు లోపే 254 మిల్లీమీటర్లు కురిసింది. 75 ఏళ్ల రికార్డుల్లో అంత వాన లేదు. దుబాయ్ రహదారులు మునిగాయి, బడులు ఆన్‌లైన్‌కు మారాయి. అదే ఏడాది సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది, మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. ఆధునిక నగరం వాన నీటికి దారి వదలకపోతే ఏమవుతుందో దుబాయ్ పిల్లలకూ విజయవాడ పిల్లలకూ అనుభవంలోకి వచ్చింది. ఈ అనుభవాన్ని పాఠంగా మలచగల ఉపాధ్యాయులు ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఉండిపోవడం పెద్ద నష్టం.

ఎండ గురించి చెప్పకుండా ఈ వాదన పూర్తి కాదు. ఎమిరేట్స్‌లో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించడం నిషేధం. ఆ ఎండలో పని చేసేవారిలో మన పల్లెల తండ్రులు ఉన్నారు. వారి పిల్లలు జగిత్యాల జిల్లా పరిషత్ బడుల్లో చదువుకుంటున్నారు. 2015 వేసవిలో వడగాలులు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా ప్రాణాలు తీశాయి. వారిలో చాలామంది కూలీలు, వృద్ధులు. భూతాపం అనే పాఠాన్ని ఈ పిల్లలకు ధ్రువప్రాంతపు మంచుతో మొదలుపెట్టడం వారికి అన్యాయం. నాన్న పనిచేసే చోట ఆ నిబంధన ఎందుకు పెట్టారు, ఒంటికి ఎంత వేడి ప్రమాదం, నీడ, నీరు, విశ్రాంతి హక్కు ఎలా అయ్యాయి అన్న ప్రశ్నలతో మొదలుపెడితే శాస్త్రమూ పౌరశాస్త్రమూ ఒకే గంటలో బోధించవచ్చు. ఆ దేశాన్ని కళ్లారా చూసొచ్చిన ఉపాధ్యాయుడు చెప్పే ఈ పాఠానికి ఉండే బలం వేరు.

అభ్యంతరాలు ఉన్నాయి, అవి తీసిపారేయదగ్గవి కావు. మొదటిది ఖర్చు. టీచర్ పోస్టులు ఖాళీగా ఉండి, మరుగుదొడ్లకు నీళ్లు లేని బడులుండగా విమాన టికెట్లేమిటని అడగవచ్చు. 2023 జనవరిలో ఢిల్లీ ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులను ఫిన్లాండ్ పంపే ప్రతిపాదన మీద వివాదం రేగినప్పుడు, పెట్టే డబ్బుకు తగిన ఫలితం ఉందా అన్నదే ప్రశ్న అయింది. ప్రజాధనం విషయంలో ఆ ప్రశ్న అడగాల్సిందే. అయితే ఖాళీల భర్తీకీ దీనికీ పోటీ పెట్టడం సరికాదు. ఉపాధ్యాయ శిక్షణకు ప్రభుత్వాలు ఇప్పటికే ఖర్చు పెడుతున్నాయి, జాతీయ విద్యా విధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. ఆ గంటలు ప్రొజెక్టర్ ముందు కూర్చోవడంతో గడిచిపోకుండా, కొందరికైనా ఇలా సార్థకం కావాలన్నదే ఇక్కడి కోరిక. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు నాలుగు గంటల ప్రయాణమే. ఆతిథ్య దేశం బస భరిస్తే, వచ్చినవారికి మనమూ అదే చేస్తే, ఫిన్లాండ్ లెక్క ఇక్కడ వర్తించదు.

పర్యావరణం నేర్పడానికి విమానమెక్కడం వైరుధ్యం కాదా, ఆన్‌లైన్ సరిపోదా అన్నది రెండో అభ్యంతరం. విమానం కాల్చే ఇంధనం నిజమే. అందుకే వెళ్లేవారు తక్కువమంది కావాలి, ఉండే రోజులు ఎక్కువ కావాలి, ముందూ వెనుకా జరిగే పని అంతా ఆన్‌లైన్‌లో సాగాలి. ఏటా యాభై మంది రెండు వైపులా తిరిగినా, ఒక్కొక్కరు తమ వృత్తి జీవితంలో బోధించే వేల మంది పిల్లలతో పోల్చి చూస్తే ఆ భారం సమర్థనీయం. చమురు అమ్ముకునే దేశం దగ్గర సుస్థిరత ఏం నేర్చుకోవాలన్నది మూడో అభ్యంతరం. కాప్ 28 అధ్యక్షుడు సుల్తాన్ అల్ జాబర్ అబుధాబీ చమురు సంస్థకే అధిపతి కావడం మీద ప్రపంచమంతా విమర్శ వచ్చింది. తాగునీటి కోసం సముద్రపు నీటిని శుద్ధి చేయడానికి అక్కడ అపారమైన శక్తి ఖర్చవుతుంది. ఇవి దాచవలసిన సంగతులు కావు, బోధించవలసిన సంగతులు. బొగ్గు కరెంటు మీద బతికే మనకు ఇతరుల వైపు వేలు చూపే అర్హత పెద్దగా లేదు. చమురు దేశం సౌర విద్యుత్తు వైపు ఎందుకు మళ్లుతోందో, ఎంత మళ్లిందో, ఎక్కడ ఆగిందో నిజాయితీగా పరిశీలించడం కన్నా మంచి పాఠం ఉండదు. వాళ్లూ మన దగ్గర నేర్చుకోవలసింది ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారం వచ్చింది. జహీరాబాద్ చిరుధాన్యాల మహిళా రైతులతో పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 2019లో ఈక్వేటర్ బహుమతి అందుకుంది.

విహారయాత్రగా మారిపోతుందన్న భయం అన్నిటికన్నా న్యాయమైనది. దాన్ని తప్పించేది నిర్మాణమే. యునెస్కో అనుబంధంగా కొరియాలో నడిచే అంతర్జాతీయ అవగాహన విద్యాకేంద్రం 2012 నుంచి ఆసియా దేశాలతో ఉపాధ్యాయులను ఇచ్చిపుచ్చుకుంటోంది. అందులో అతిథి ఉపాధ్యాయుడు చూసి వెళ్లిపోడు, తరగతిలో నిలబడి పాఠం చెబుతాడు. మనమూ అదే షరతు పెట్టుకోవాలి. జాతీయ హరిత దళం చురుగ్గా ఉన్న ప్రభుత్వ బడుల నుంచి, పాఠ ప్రణాళిక ఆధారంగా ఎస్‌సీఈఆర్‌టీలు ఎంపిక చేయాలి. సిఫారసులకు తావుండకూడదు. అక్కడి ప్రభుత్వ బడులతోనూ, భారతీయ సిలబస్ బడులతోనూ జతలు కట్టాలి. కాలం కూడా కలిసొస్తుంది. మన వేసవి సెలవుల్లో అక్కడి బడులు నడుస్తుంటాయి, డిసెంబరులో వారి శీతకాల సెలవుల్లో మన బడులు నడుస్తుంటాయి. కాబట్టి ఏ వైపు పిల్లలకూ పాఠాలు పోవు. సెలవులు వదులుకున్న ఉపాధ్యాయులకు ఆర్జిత సెలవులు ఇవ్వాలి. తిరిగొచ్చినవారు ఏడాది లోపు తమ బడిలో అమలు చేసిన పాఠాన్ని తెలుగులో అందరికీ అందుబాటులో ఉంచాలి, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో తోటివారికి నేర్పాలి. అది చేయనివారి బడికి మరో అవకాశం ఉండకూడదు.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు రానున్న విద్యాసంవత్సరంలోనే పది పది బడులతో దీన్ని ప్రారంభించాలి. కేంద్రం చేసుకున్న ఒప్పందం కింద ఎమిరేట్స్ విద్యాశాఖను అడగడానికి అడ్డేమీ లేదు. గల్ఫ్‌కు మనం ఇన్నేళ్లూ శ్రమను పంపాం, డబ్బు తెచ్చుకున్నాం. వేడెక్కుతున్న ఈ కాలంలో రెండు తీరాల పిల్లలకూ కావలసింది బతికే తెలివి. దాన్ని ఇచ్చిపుచ్చుకోగల వారు ఉపాధ్యాయులే. వారిని పంపడం ఏ ప్రభుత్వమూ చేసే ఉపకారం కాదు, పిల్లల పట్ల నెరవేర్చవలసిన బాధ్యత.