పాటలో ప్రతి బిడ్డకూ వాటా

జీతభత్యాలను, పెన్షన్లను చర్చించే ఈ పుటలలో పసిబిడ్డల పాటల ప్రస్తావన ఎందుకని కొందరు మిత్రులు అడుగవచ్చును. రైల్వే కాలనీల శిశువిహారాలకూ, మన యిళ్ల చెంతనున్న అంగన్‌వాడీలకూ వెళ్లేది మన బిడ్డలే. వారిలో వినలేనివారు, చూడలేనివారు, చేయి స్వాధీనంలో లేనివారు కూడా వున్నారు. పాట మొదలు కాగానే అట్టివారిని గోడవారన కూర్చోబెడితే అది బిడ్డల లోపం కాదు. టీచరుకు యిచ్చిన శిక్షణలోని లోపం.

మూడు నుంచి ఆరేళ్ల బిడ్డలకు సంగీతం నేర్పుట అంటే మంచి గొంతులను ఏరుట కాదు. ఒకే పాటలో ప్రతి బిడ్డకూ చేయగల పని కల్పించుట. వినికిడి లేని బిడ్డ అరచేతిని డప్పుకు ఆనిస్తే తాళం చేతికి అందుతుంది. పట్టు చాలని బిడ్డకు కోలాటపు కర్రకు గుడ్డ చుట్టి లావుచేసి యివ్వవచ్చును. చూపులేని బిడ్డను పేరు పెట్టి పిలిచి వంతు తెలపాలి. పెద్ద చప్పుడుకు బెదిరే ఆటిజం బిడ్డకు దూరంగా వుండి చూచే వీలూ, యిష్టమైనప్పుడు వచ్చి కలిసే వీలూ వుండాలి. వీటికి ఖరీదైన వాద్యాలు అక్కరలేదు. అయితే ఉపన్యాసం విన్నంతమాత్రాన యివి రావు. బిడ్డల మధ్య చేసి, దిద్దుకొని నేర్వవలసినవి.

దీనివల్ల తక్కిన పిల్లల చదువు కుంటుపడుతుందనే వాదన నిలువదు. వంతు కోసం ఆగుట, ఎదుటివారి లయను అందుకొనుట అందరికీ అవసరమైన విద్యలే. చూపుమాంద్యం వల్ల బడి చదువు మానవలసివచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ విద్వాంసులై, విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. బడి నిలుపుకొనలేని బిడ్డను సంగీతం నిలిపినది. కాని ప్రతి బిడ్డా విద్వాంసుడు కానక్కరలేదు. పాటలో పాలుపంచుకొనుటే హక్కు.

చట్టం మాట చూతాము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినది. కాని అందులోని ఉచిత విద్యాహక్కు ఆరేళ్ల వయసుతో మొదలవుతుంది. అంతకు ముందరి వయసు అంగన్‌వాడీ భుజాలపైనే వున్నది. 2023 నవంబరులో కేంద్రం దివ్యాంగ శిశువుల కోసం అంగన్‌వాడీలకు మార్గదర్శకాలు విడుదల చేసినది. వాటిని అమలు చేయవలసిన అంగన్‌వాడీ కార్యకర్తకు యిచ్చేది మాత్రం జీతం కాదు, గౌరవ వేతనం. వారు గ్రాట్యుయిటీకి అర్హులని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసివచ్చినది. పని పెంచి, శిక్షణనూ ప్రతిఫలాన్నీ కుదించుట న్యాయం కాదు.

కనుక మన కోర్కెలు స్పష్టం. అంగన్‌వాడీ, శిశువిహారం టీచర్లకు ఈ బోధనలో ప్రత్యేక కోర్సు వుండాలి. శిక్షణ దినాలను డ్యూటీగా పరిగణించి, ప్రయాణ భత్యం చెల్లించాలి. వికలాంగ శిశువుల తల్లిదండ్రులను, వికలాంగులైన సంగీతజ్ఞులను బోధకులుగా పిలవాలి. రైల్వే స్టాఫ్ బెనిఫిట్ ఫండ్ కమిటీలలోని మన ప్రతినిధులు, తపాలా సంక్షేమ నిధి వ్యవహారాలు చూచే మన మిత్రులు ఈ విషయాన్ని లేవనెత్తాలి. మన కాలనీ శిశువిహారంలో పాట వేళ గోడవారన ఎందరు కూర్చున్నారో ప్రతి శాఖా స్వయంగా వెళ్లి చూచి, తీర్మానం చేసి పంపవలసిందిగా కోరుతున్నాము.