జిమ్ చేసే కుర్రాడికి కొండ ఏమీ చెయ్యదా?

"రోజూ పది కిలోమీటర్లు పరిగెడతాడు, వాడికేమవుతుంది!" లేహ్‌కో కేదార్‌నాథ్‌కో ప్రయాణం కట్టే ఇళ్లలో ఈ ధీమా మామూలైపోయింది. కొండ ఎత్తు బాధించేది ముసలివాళ్లనీ, ఉబ్బసం ఉన్నవాళ్లనేనట. ఇది తప్పు. ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

1962 చైనా యుద్ధం నాడు మైదానాల నుంచి సైనికులను ఆదరాబాదరాగా లద్దాఖ్ ఎత్తులకు చేర్చారు. చాలామంది పడుచువాళ్లు, కసరత్తులో రాటుదేలినవాళ్లు. ఆ ఎత్తుల్లో జబ్బుపడ్డ 1,925 మంది సైనికుల వివరాలను ఇందర్ సింగ్ బృందం 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించింది. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం. కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు. కండబలమే కాపాడేదైతే ఇంతమంది సైనికులు మంచాన పడేవాళ్లు కాదు.

పైన గాలిలో ఆక్సిజన్ శాతం పడిపోతుందన్న మాటా నిజం కాదు. హైదరాబాద్‌లోనైనా ఎవరెస్టు కొసనైనా అది దాదాపు 21 శాతమే. పడిపోయేది గాలి పీడనం. సముద్రమట్టంలో అది 760 మిల్లీమీటర్ల పాదరసం. 1981 అక్టోబరులో పర్వతారోహకుడు క్రిస్ పిజ్జో ఎవరెస్టు కొసన కొలిస్తే 253. 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో కింద ఉన్నదాంట్లో సుమారు మూడింట రెండు వంతులు. పీడనం తగ్గేకొద్దీ ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి చేరే ఆక్సిజన్ తగ్గుతుంది. పరుగు వల్ల గుండె గట్టిపడుతుంది, నిజమే. బయటి పీడనాన్ని ఏ పరుగూ పెంచలేదు. శరీరమే సర్దుకోవాలి: ఊపిరి వేగం పెంచుకోవాలి, ఆ వేగానికి తగ్గట్టు మూత్రపిండాలు రక్తంలోని క్షారగుణాన్ని సరిచెయ్యాలి. దీనికి రోజులు పడుతుంది. సత్తా ఉన్న కుర్రాడు ఆ రోజులు ఆగడు. తలనొప్పి వచ్చినా నలుగురిలో చిన్నతనమని చెప్పడు. అతనికి ముప్పు ఎక్కువయ్యేది అక్కడే.

"పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టే ఎక్కింది కదా" అంటారు. ఆ అమ్మాయి 2014 మే 25న శిఖరం చేరేముందు భువనగిరి రాతిగుట్ట మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ పొందింది. ఎవరెస్టు దగ్గరా ఎత్తుకు అలవాటుపడ్డాకే పైకి వెళ్లింది. ఢిల్లీలో విమానమెక్కి గంటన్నరలో లేహ్‌లో దిగి, మర్నాడే 5,359 మీటర్ల ఖర్దుంగ్ లాకు బండి కట్టేవాళ్లు ఆమె పేరు చెప్పుకోవడం అన్యాయం.

ఇక కొండ మీద ఊపిరాడ్డానికని వాసన చూసే కర్పూరం మూట. ముక్కుకు చల్లగా తగిలి గాలి బాగా ఆడుతున్నట్టు ఉంటుంది, అంతే. రక్తంలో ఆక్సిజన్ పెరగదు. ఆ హాయిని నమ్ముకుని ఇంకాస్త పైకి వెళ్లడమే నాకు భయం.

లేహ్‌కు విమానంలో వెళితే మొదటి రెండు రోజులు అక్కడే విశ్రాంతి తీసుకోవాలి. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే చోటి ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. తలనొప్పి, వికారం ఉంటే పైకి కదలొద్దు. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లవారేదాకా చూడొద్దు. అప్పటికప్పుడు మనిషిని వెంటబెట్టుకుని కిందికి దించాలి.